రెండక్షరాలు చెడితే ముప్పై అక్షరాలు కోసేస్తుంది

[తెరపై: మిట్టమధ్యాహ్నం. డాబా మీద వడియాలు పెడుతున్న చేయి. కెమెరా ముంజేతి చర్మం మీదికి దగ్గరగా వెళ్తుంది.]

ఈ చేయి చూడండి. వడియాలు పెట్టి కిందికి దిగేసరికి, ఎండ తగిలిన ఈ చర్మకణాల్లో డీఎన్‌ఏ చాలాచోట్ల దెబ్బతిని ఉంటుంది. వాటిని బాగుచేసే పని కూడా అప్పటికే మొదలై ఉంటుంది. ఆ పని ఎలా జరుగుతుందో ఈ రోజు చూద్దాం. నాకు జీవశాస్త్రం మొత్తంలో ఇంతకంటే అందమైన పని ఇంకోటి కనబడలేదు.

డీఎన్‌ఏ అంటే పెనవేసుకున్న రెండు పోగులు. వాటి మీద నాలుగే అక్షరాలు: ఏ, టీ, జీ, సీ. ఒక పోగులో ఏ ఉంటే దాని ఎదుట టీ, జీ ఉంటే ఎదుట సీ. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి.

[తెరపై: ఒకే పోగు మీద పక్కపక్కనే రెండు టీలు. ఊదారంగు కిరణం తగలగానే అతుక్కుపోతాయి.]

అతినీలలోహిత కిరణం పక్కపక్కనున్న రెండు టీలకు తగిలితే అవి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అక్కడ పోగు వంకర పోతుంది. కణం రెండుగా చీలేముందు డీఎన్‌ఏకి నకలు తీసే ఎంజైమ్ అక్కడికొచ్చి ఆగిపోతుంది, లేదంటే తప్పక్షరం రాసేసి సాగిపోతుంది. ఆ తప్పు కేన్సర్‌ని అదుపులో ఉంచే జన్యువులో పడితే ప్రమాదం.

ఎండ ఒక్కటే కాదు. సిగరెట్ పొగలోని బెంజోపైరీన్ అనే రసాయనం జీ అక్షరానికి అంటుకుంటుంది. మనకి ఇంకా దగ్గరి సంగతి వేరుశనగ. కోతకు ముందు చేనుకి బెట్ట తగిలితే కాయలకు ఒక రకం బూజు పడుతుంది. అది అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. వేయించినా పూర్తిగా పోదు. మన కాలేయం దాన్ని మార్చే క్రమంలోనే అది జీకి అతుక్కునే రూపం తీసుకుంటుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఏళ్లుగా దీని మీద పనిచేస్తున్నారు.

మరి ఇన్ని రకాల దెబ్బలకు ఇన్ని రకాల పనిముట్లు కణం దగ్గరున్నాయా? లేవు. వీటన్నిటికీ ఒకే బృందం వస్తుంది.

[తెరపై: వంకర పోయిన చోటు. ఒక ప్రోటీన్ వచ్చి వాలుతుంది.]

ముందుగా వచ్చేది ఎక్స్‌పీసీ అనే ప్రోటీన్. నెమ్మదిగా చూడండి, అది ఏ పోగుని పట్టుకుంది? దెబ్బతిన్న పోగుని కాదు, దాని ఎదుటి మంచి పోగుని! అందుకే దెబ్బ కొట్టింది ఎండా, పొగా, బూజా అన్నది దానికి అక్కర్లేదు. జతలు సడలిన చోటు దొరికితే చాలు. అయితే అతుక్కున్న టీల దగ్గర వంకర కొద్దిగానే ఉంటుంది, ఎక్స్‌పీసీ కంటికి ఆనదు. అప్పుడు డీడీబీ2 అనే ఇంకో ప్రోటీన్ ఆ చోటు చూపిస్తుంది. అయినా ఈ రకం దెబ్బలు పూర్తిగా మానడానికి ఒక రోజుకు పైనే పట్టొచ్చు.

తర్వాత టీఎఫ్‌టూహెచ్ అనే పెద్ద యంత్రం వచ్చి రెండు పోగుల్నీ విడదీస్తుంది. అందులోని ఎక్స్‌పీడీ దెబ్బతిన్న పోగు వెంట నడిచి, చెడిన అక్షరాలు అడ్డం తగలగానే ఆగిపోతుంది. ఆగిందంటే దెబ్బ నిజమే అన్నమాట. అప్పుడే కత్తెరలు పడతాయి. ఒకవైపు ఎక్స్‌పీజీ, రెండోవైపు ఎక్స్‌పీఎఫ్. చెడింది రెండక్షరాలే అయినా, 24 నుంచి 32 అక్షరాల ముక్క ఊడొస్తుంది.

[తెరపై: ఖాళీ పడిన చోటు. ఎదుటి పోగు చూసి ఒక్కో అక్షరం నిండుతుంది.]

అంత ముక్క పోయినా భయం లేదు, ఎదుటి పోగు ఉందిగా! అక్కడ ఏ ఉంటే ఇక్కడ టీ, సీ ఉంటే జీ. పాలిమరేజ్ అనే ఎంజైమ్ నింపుతుంది, లైగేజ్ అనే ఇంకో ఎంజైమ్ అతుకు వేస్తుంది. మాసిక వేసిన ఆనవాలు కూడా మిగలదు.

ఈ కోత లెక్క తేల్చింది అజీజ్ సాన్జర్. టర్కీలో పుట్టి, డాక్టరుగా పనిచేసి, తర్వాత అమెరికా వెళ్లి పరిశోధనలోకి వచ్చిన మనిషి. 1983లో బ్యాక్టీరియాలో, 1992లో మానవకణాల్లో కోత ఎక్కడ పడుతుందో ఆయన, తోటి పరిశోధకులు చూపించారు. 2015లో రసాయనశాస్త్ర నోబెల్ ఆయనతో పాటు థామస్ లిండాల్, పాల్ మోడ్రిచ్‌లకు దక్కింది.

ఈ ప్రోటీన్ల పేర్లలో ఎక్స్‌పీ ఎందుకుందో తెలుసా? ఇంగ్లిష్‌లో ఎక్స్‌తో రాసే జీరోడెర్మా పిగ్మెంటోసమ్ అనే జబ్బు పేరుకి పొట్టిరూపం అది. ఆ జబ్బున్న పిల్లల కణాలు ఈ మరమ్మతు చేసుకోలేవని 1968లో జేమ్స్ క్లీవర్ చూపించారు. వాళ్లకు చర్మకేన్సర్ చిన్న వయసులోనే వస్తుంది. అమ్మానాన్నలిద్దరి నుంచీ చెడిన జన్యువు వస్తేనే జబ్బు కనబడుతుంది కాబట్టి, మేనరికాల్లో దీని అవకాశం ఎక్కువ. చంటిపిల్లకి కాసేపటి ఎండకే బొబ్బలెక్కినా, రెండేళ్లు నిండకుండానే ముఖమంతా మచ్చలు తేలినా, వెలుతురుకి కళ్లు తెరవలేకపోయినా వెంటనే చర్మవైద్యులకు చూపించండి. అంతవరకు బిడ్డకి ఎండ పొడ తగలనివ్వకండి. మూసిన కిటికీ పక్కన కూడా పడుకోబెట్టకండి, మామూలు అద్దంలోంచి అతినీలలోహిత కిరణాలు కొన్ని లోపలికి వస్తాయి.