కణం కాలూనే చోటు

పెద్దలకు, అధ్యాపకులకు, ముందు వరుసల్లో కూర్చున్న డిగ్రీ విద్యార్థులకు నమస్కారం.

శ్రీకాకుళంలో స్టెమ్ సెల్స్, అంటే వేరే రకాల కణాలుగా మారగల మూలకణాల మాట ఎత్తితే చాలు, ఎవరో ఒకరు అడుగుతారు: "కిడ్నీకి పనిచేస్తుందా బాబూ?" ఉద్దానం కిడ్నీ జబ్బుల బాధ తెలిసినవాళ్లం కాబట్టి అది అడగాల్సిన ప్రశ్నే. దాని దగ్గరికి వస్తాను. కానీ ముందు, ఆ ప్రశ్నలో ఎవరూ పట్టించుకోని ఒక సంగతి చెప్పాలి. కణం గురించి అడుగుతాం, అది దేని మీద నిలబడుతుందో అడగం.

ఎముక మజ్జలో దొరికే ఒక రకం స్టెమ్ సెల్స్ ఎముకగా, మృదులాస్థిగా, కొవ్వుగా మారగలవు. ఏది అవ్వాలో చెప్పేది చుట్టూ ఉన్న రసాయనాలేనని చాలాకాలం నమ్మారు. 2006లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డెన్నిస్ డిషర్, ఆడమ్ ఎంగ్లర్ బృందం ఈ నమ్మకాన్ని కదిలించింది. వాళ్లు వాడిన పదార్థం మీ బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో ఉన్నదే. ప్రొటీన్లను వేరుచేయడానికి మీరు పోసే పాలిఅక్రిలమైడ్ జెల్! అందులో పోగుల్ని ఒకదానికొకటి ముడివేసే బిస్ అక్రిలమైడ్ పాళ్లు పెంచితే జెల్ గట్టిపడుతుంది, తగ్గిస్తే మెత్తబడుతుంది. ఆ జెల్‌కి కణాలు వాటంతట అవి అంటుకోవు కాబట్టి పైన కొల్లాజెన్ అనే ప్రొటీన్ పొర అతికించారు. (పిల్లలూ, అక్రిలమైడ్ పొడి నరాలకు విషం, గ్లౌజులు లేకుండా ముట్టుకోకండి.)

అన్ని జెల్‌ల మీదా అవే కణాలు, అదే పోషక ద్రవం. మార్చింది గట్టిదనం ఒక్కటే. గట్టిదనాన్ని కిలోపాస్కల్‌లలో కొలుస్తారు. మెదడంత మెత్తగా, 1 కిలోపాస్కల్ లోపు ఉన్న జెల్ మీద కణాలు నరకణాల లక్షణాలు చూపించాయి. 8 నుంచి 17 మధ్య కండరం వైపు తిరిగాయి. 25 నుంచి 40 మధ్య ఎముక వైపు వెళ్లాయి.

కణానికి కళ్లు లేవు, మరి ఎలా తెలిసింది? లాగి చూస్తుంది. దాని పొరలో ఇంటెగ్రిన్ అనే ప్రొటీన్లు ఉంటాయి. అవి కింది పదార్థాన్ని పట్టుకుంటే, లోపల ఆక్టిన్, మయోసిన్ అనే ప్రొటీన్లు దాన్ని లాగుతాయి. కిందది లొంగితే ఒక కబురు, లొంగకపోతే ఇంకో కబురు కేంద్రకానికి వెళ్తుంది. మయోసిన్‌ను మందుతో ఆపేస్తే, జెల్ ఎంత గట్టిగా ఉన్నా కణం తేడా పట్టలేకపోయింది. నాకు ఆ ప్రయోగంలో అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే, ఎందుకంటే మిగతా వాదనంతా దీని మీదే నిలబడింది.

పరుచుకునే జాగా కూడా లెక్కే. 2004లో క్రిస్టఫర్ చెన్ బృందం స్టెమ్ సెల్స్‌ని చిన్న చిన్న చతురస్రాల మీద నిలబెట్టింది. ఇరుకు జాగాలో ముడుచుకున్నవి కొవ్వు కణాలవైపు, విశాలంగా పరుచుకున్నవి ఎముకవైపు వెళ్లాయి.

ఇక ఉపరితలం నునుపు, గరుకు సంగతి. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో ఏకడం మీరు చూసే ఉంటారు. ఆ సన్నపళ్ల అమరికే చెత్త తీసి పోగుల్ని ఒక దారికి తెస్తుంది. గ్లాస్గోలో మాథ్యూ డాల్బీ బృందం 2007లో ప్రకటించిన పనిలోనూ అమరికదే మహిమ. అక్రిలిక్ ప్లాస్టిక్ మీద 120 నానోమీటర్ల వెడల్పు, 100 లోతు ఉన్న గుంటలు అచ్చుగుద్దారు. మన వెంట్రుక అడ్డంలో రెండు వందలకు పైగా పట్టేంత చిన్నవి. వాటిని చక్కగా వరుసలో పెడితే పెద్దగా ఫలితం లేదు. పూర్తిగా చెల్లాచెదురు చేసినా అంతే. ఒక్కో గుంటను దాని చోటు నుంచి 50 నానోమీటర్ల లోపే అటూ ఇటూ జరిపితే మాత్రం, ఎముకను పుట్టించే మందులేవీ వెయ్యకుండానే కణాలు ఎముక ఖనిజాన్ని తయారుచేశాయి!

ఇదంతా ల్యాబ్ ముచ్చటేనా అంటే కాదు. పంటి ఇంప్లాంట్లలో వాడే టైటానియం స్క్రూలు చాలావాటిని ఇసుకలాంటి రేణువులతో కొట్టి, ఆపైన యాసిడ్‌తో గరుకు చేస్తారు. ఎముక దాన్ని గట్టిగా పట్టుకోవాలని.

ఇంకో చిక్కు ఉంది. కణాలకు జ్ఞాపకం ఉంటుంది. 2014లో కొలరాడోలో క్రిస్టీ ఆన్సెత్ బృందం చూపించింది: గట్టి పదార్థం మీద ఎక్కువ రోజులు పెరిగిన స్టెమ్ సెల్స్, తర్వాత మెత్తటి చోటికి మార్చినా, పాత గట్టిదనం మీద ఉన్నట్టే నడుచుకున్నాయి. మామూలు ల్యాబ్ ప్లాస్టిక్ డిష్ మన ఒంట్లోని ఏ మెత్తటి అవయవం కన్నా వేల రెట్లు గట్టిది. అందులో వారాల తరబడి పెంచిన కణాన్ని సిరంజిలో ఎక్కించి పంపిస్తే, లోపల అది ఎలా నడుచుకుంటుందో ఊహించండి.

ఇప్పుడు కిడ్నీ ప్రశ్న. కిడ్నీలో రకరకాల కణాలు సన్నటి గొట్టాల వెంట, పలుచని పొరల మీద ఒక పద్ధతిలో నిలబడి పనిచేస్తాయి. జబ్బు ముదిరితే కణాలతో పాటు ఆ చోటు కూడా పాడవుతుంది, మచ్చకట్టి గట్టిపడుతుంది. కొత్త కణాలను పంపించినంత మాత్రాన ఆ నిర్మాణం తిరిగి రాదు. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, రక్త సంబంధ జబ్బులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతా స్టెమ్ సెల్ చికిత్సలన్నీ పరీక్ష దశలోనివిగానే లెక్క. వాటిని అనుమతి ఉన్న ట్రయల్‌లోనే, అంటే రోగుల మీద పద్ధతిగా చేసే పరీక్షలోనే ఇవ్వాలి, అందుకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. కాబట్టి పొలం అమ్మి ఇంజెక్షన్ చేయించుకుందామని ఎవరైనా మీ ఇంటికొచ్చి సలహా అడిగితే, ముందు ఆ ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబరు ఏమిటో కనుక్కోమనండి. క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో దాన్ని ఫోన్‌లోనే వెతికి చూడొచ్చు. డిగ్రీ చదువుతున్న మీరే దగ్గర కూర్చుని చూసి పెట్టండి.