పక్క దుకాణం అడ్రస్ కొడితే మన సైటు పైకి రావాలా? ఓ ఎస్‌ఈఓ ప్యాకేజీ రివ్యూ

నమస్తే అండీ. పాలమూరు నుంచి మాట్లాడుతున్నాను. ఈసారి రివ్యూ ఓ ఎస్‌ఈఓ ప్యాకేజీ మీద, అంటే గూగుల్‌లో వెతికినప్పుడు మన సైటు పైకి వచ్చేలా చేసే పని. గద్వాల్, నారాయణపేట వైపు చీరల వ్యాపారులకు దీన్ని గట్టిగా అమ్ముతున్నారు. సైటు స్పీడు పెంచడం, ఫొటోలు సరిచేయడం, గూగుల్ మ్యాప్‌లో దుకాణం వివరాలు పెట్టడం, ఇవన్నీ బాగానే చేస్తున్నారు, వంక పెట్టడానికి లేదు. నా గొడవంతా ప్యాకేజీ కాగితంలో చివర్న ఉన్న ఒక లైను గురించే. పోటీదారుల వెబ్ అడ్రస్ వెతికినా మీ సైటే పైన కనిపించేలా చేస్తామని రాశారు.

పూర్తి అడ్రస్ కొట్టి వెతికేది ఎవరు? బ్యాగు మీద అచ్చేసిన అడ్రస్ చూసో, పెళ్లిలో ఎవరో చెబితే వినో, ఆ దుకాణంలోనే కొందామని ముందే అనుకున్నవాళ్లు. చాలామంది దాన్ని గూగుల్ డబ్బాలోనే కొడతారు. బ్రౌజర్ పైన కొట్టినా, చుక్క దగ్గర ఒక ఖాళీ పడితే చాలు, సైటుకు పోకుండా రిజల్ట్స్ పేజీ తెరుచుకుంటుంది. ఈ ప్యాకేజీ కాపు కాసేది సరిగ్గా అక్కడే.

గద్వాల్ చీర అని వెతికితే ఆ సంగతి వేరు. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేసిన అసలు సరుకు అమ్మే ఎవరైనా ఆ మాట మీద పోటీ పడొచ్చు, పడాలి కూడా. జీఐ గుర్తింపు, అంటే ఈ సరుకు ఈ ప్రాంతానిదే అన్న ప్రభుత్వ గుర్తింపు ఉన్న పేరు, ఆ ప్రాంతం నేతగాళ్లందరిదీ. దుకాణం అడ్రస్ మాత్రం ఆ ఒక్క ఇంటిది. క్లాక్ టవర్ దగ్గర పక్క షాపు మెట్లెక్కుతున్న మనిషిని చేయి పట్టి మన షాపులోకి లాగితే బజారంతా ఏమంటుందో చెప్పక్కర్లేదు కదా.

ఇప్పుడు స్క్రీన్ చూడండి. సొంతంగా నేసి అమ్ముకునే ఒక కుటుంబం సైటు అడ్రస్ కొడుతున్నాను. వాళ్లను అడిగే చేస్తున్నా, పేర్లు బ్లర్ చేశాను. మొదట వచ్చింది యాడ్, పైన చిన్నగా స్పాన్సర్డ్ అని ఉంది. టైటిల్‌లో ఈ కుటుంబం దుకాణం పేరే, పక్కన అఫీషియల్ అన్న మాట. నొక్కితే తెరుచుకునేది వేరే రీసెల్లర్ సైటు, అంటే ఇంకొకరి దగ్గర కొని తిరిగి అమ్మేవాళ్లది. దాని కింద ఇంకో పేజీ. టైటిల్‌లో ఈ అడ్రస్, కూపన్లు, రివ్యూలు అని ఉంది. లోపల కూపన్ లేదు, రివ్యూ లేదు, అన్నీ ఇంకొకరి చీరలే. కంట్రోల్ ఏ నొక్కి పేజీ మొత్తం సెలెక్ట్ చేస్తున్నా, అడుగున చూడండి. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల అక్షరాలు. ఈ అడ్రసూ, ఇంకా కొన్ని దుకాణాల అడ్రస్‌లూ వరసగా, మళ్లీ మళ్లీ. అసలు సైటు వీటన్నిటి కింద ఉంది.

ఇలా అక్షరాలు దాచడం గూగుల్ స్పామ్ నియమాలకు విరుద్ధం. దొరికితే పడిపోయేది మీ సైటు ర్యాంకే, ప్యాకేజీ అమ్మినవాళ్లకు పోయేదేం లేదు. మెటా కీవర్డ్స్‌లో, అంటే పేజీ కోడ్‌లో చూసేవాళ్లకు కనబడని ఒక ట్యాగ్‌లో, పోటీదారుల అడ్రస్‌లు పెడతామని కూడా చెబుతున్నారు. ర్యాంకింగ్‌కు ఆ ట్యాగ్‌ను వాడట్లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది. దానికి డబ్బులు తీసుకోవడం దండగ లెక్కే.

మరి యాడ్ సంగతి? పక్కవాళ్ల పేరును కీవర్డ్‌గా కొనడం, అంటే ఆ పేరు వెతికితే మన యాడ్ వచ్చేలా గూగుల్‌కు డబ్బు కట్టడమే తప్పా అంటే, చట్టం అలా అనట్లేదు. 2023 ఆగస్టులో గూగుల్, డీఆర్‌ఎస్ లాజిస్టిక్స్ కేసులో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ ఒక తేడా చెప్పింది. ట్రేడ్‌మార్క్‌ను కీవర్డ్‌గా పెట్టడం ఆ మార్కును వాడుకోవడం కిందికే వస్తుంది, కానీ అంతమాత్రాన ఉల్లంఘన కాదు. కొనేవాళ్లు గందరగోళపడి ఒకరనుకుని ఇంకొకరి దగ్గరికి పోయే పరిస్థితి ఉంటే అప్పుడు ఉల్లంఘన. అదే ఏడాది డిసెంబర్‌లో మేక్‌మైట్రిప్ పేరు మీద బుకింగ్ డాట్ కామ్ యాడ్ల విషయంలోనూ కోర్టు ఈ దారిలోనే వెళ్లింది, 2024లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. అంటే మీ పేరుతో మీరు కనబడితే చట్టం ఊరుకుంటుంది. పక్కవాళ్ల పేరు పెట్టుకుని అఫీషియల్ అంటే ఊరుకోదు.

నేను మాత్రం చట్టం దగ్గర ఆగలేను. రెండు పెద్ద కంపెనీల మధ్య ఈ కొట్లాట ఒక రకం. మగ్గం మీద బతికే కుటుంబానికి ఇది వేరే రకం. ఆ కుటుంబం పేరు మీద రీసెల్లర్ యాడ్ కొన్నాక, తమ కోసమే వస్తున్న మనిషికి కనబడటానికి తమ పేరునే తాము డబ్బులిచ్చి కొనుక్కోవాలి. ఒక్కో క్లిక్కుకూ డబ్బు పోతుంది. చీర మీద మిగిలేదే కొంచెం, అందులోంచి ఇది కూడానా? అన్యాయం అండీ, ఇంకో మాట లేదు.

పక్కవాళ్ల అడ్రస్ వెతికితే ఇంకెవరూ కనబడకూడదని నేననట్లేదు. టైటిల్‌లో ముందు మీ పేరు, తర్వాత వాళ్లతో పోలిక, లోపల నేత, నూలు, ధర, వాపసు రూల్స్ నిజాలతో రాస్తే ఆ పేజీ రానివ్వండి, కొనేవాళ్లకు పనికొస్తుంది. ఈ ఛానల్ వీడియోలు కూడా దుకాణాల పేర్లు వెతికితే వస్తాయి. ఆ దుకాణం గురించే మాట్లాడతాను కాబట్టి ఆ పేరు పెడతాను. దాని పోటీదారు కమీషన్ లింకు, అంటే నొక్కి కొంటే నాకు డబ్బొచ్చే లింకు, కింద డిస్క్రిప్షన్‌లో పెట్టను.

నా రేటింగ్: మిగతా ప్యాకేజీకి ఐదుకు మూడున్నర, ఈ లైనుకు సున్నా. తీసుకోవాలనుకుంటే ఆ లైను కొట్టేయించి, ఆ మేరకు రేటు తగ్గించమనండి. ఇక మీ అడ్రస్ మీదే ఎవరైనా ఇలా కూర్చుంటే, ముందు తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. దాచిన అక్షరాలున్న పేజీని గూగుల్ స్పామ్ రిపోర్ట్‌లో పెట్టండి. ట్రేడ్‌మార్క్ రిజిస్టర్ అయి ఉంటే యాడ్ మీద గూగుల్ ఫారంలో కంప్లైంట్ చేయొచ్చు. రిజిస్టర్ కాలేదా, అయినా దారి మూసుకుపోలేదు. డొమైన్ పేరుకు, అంటే వెబ్ అడ్రస్‌కు కూడా పాసింగ్ ఆఫ్ కింద, అంటే ఒకరి పేరు చూపించి తమ సరుకు అమ్ముకోవడాన్ని ఆపే చట్టం కింద, రక్షణ ఉంటుందని సత్యం ఇన్ఫోవే కేసులో 2004లోనే సుప్రీంకోర్టు చెప్పింది. లాయర్ దగ్గరికి పోయేటప్పుడు ఆ స్క్రీన్‌షాట్లతో పాటు మీ పాత బిల్లు బుక్కులు, డొమైన్ కొన్న రసీదు కూడా పట్టుకుపోండి.