దొరగారి బల్ల, మన సంగటి ముద్ద

అన్నా, అక్కా, అందరికీ నమస్తే. పోయిన వీడియోలో బత్తలపల్లి దగ్గర ఒక ఇంట్లో, స్పెయిన్ నుంచి వచ్చిన ఒకామె రాగిసంగటి తినడం చూశారు కదా. ముద్దను నములుతుంది, నములుతుంది, ఎంతకీ గొంతు దిగదు. సంగటి నమలకూడదని ఎవరూ చెప్పలేదా అని చాలామంది అడిగారు. చెప్పారండీ. ఆ ఇంటి అవ్వ చేత్తో చేసి మరీ చూపించింది. ముద్ద చిన్నగా తుంచు, పులుసులో ముంచు, గుటుక్కున మింగు. కానీ చూసినంత మాత్రాన వస్తుందా?

దాని తర్వాత ఇంకో ప్రశ్న వచ్చింది. రెండు వందల ఏళ్ల కింద మన సీమకు వచ్చిన మిషనరీలు ఏం తిని బతికారు అని. మంచి ప్రశ్నే. కానీ నన్నడిగితే, ఏం తిన్నారు అన్నది చిన్న సంగతి. ఎవరు వండితే తిన్నారు, ఎవరి పక్కన కూర్చుని తిన్నారు? కథంతా అక్కడే ఉంది.

లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు కడపకు వచ్చింది 1822లో. నంద్యాలలో 1855లో, గుత్తిలో 1881లో స్థిరపడ్డారు. ఇంగ్లండు చర్చి వాళ్లు ముత్యాలపాడు వైపు, అమెరికా బాప్టిస్టులు కర్నూలులో. ఊరి బయట బంగళా, చుట్టూ కాంపౌండు. ఇంట్లో బట్లరు, వంటవాడు, పంకా లాగే మనిషి. తెల్లవాళ్ల వంటింట్లోకి పెద్ద కులాల వాళ్లు అడుగుపెట్టరు కాబట్టి పనివాళ్లు ఎక్కువగా ముస్లింలు, దళితులే. బల్ల మీద కోడి, వేట మాంసం, కాల్చిన రొట్టె. మన మిరియాల చారు కూడా ఆ బల్ల ఎక్కింది, కాకపోతే మాంసం ముక్కలు వేసుకుని సూపు అనిపించుకుంది. 1871లో మద్రాసు నుంచి బొంబాయి దాకా రైలు కలిసింది. కడప, గుత్తి ఆ లైను మీదివే. ఇక డబ్బాల్లో వచ్చే సరుకు తెప్పించుకోవడం కష్టమేం కాదు. అంటే బంగళాలో ఉన్నన్నాళ్లూ దొరగారు తిండి విషయంలో ఇంగ్లండులోనే ఉన్నట్టు.

చలికాలం వస్తే మాత్రం కథ వేరు. డేరాలు, పుస్తకాలు ఎద్దుల బండికి ఎత్తి పల్లెలు తిరిగేవాళ్లు. అప్పుడు మన పల్లెల్లో పొయ్యి మీద ఉండేది జొన్న, కొర్ర, రాగి. వరి బువ్వ పండక్కో, పెళ్లికో. ఇక్కడ ఒక మాట. సీమ రుచి అనగానే మనం చెనక్కాయల చట్నీ అంటాం. ఆ తొలినాళ్ల మిషనరీకి అది దొరికి ఉండే అవకాశం తక్కువ. ఈ పంట అనంతపురం చేలను ఇంతగా కమ్ముకుంది ఆ తర్వాతి కాలంలోనే. మిరపకాయ కూడా అమెరికా నుంచి పోర్చుగీసు ఓడల్లో వచ్చిందే. అయినా మనం దాన్ని పరాయిది అంటే ఒప్పుకోం, చూడండి!

సరే, పల్లెకు పోయినాడు. మాలపల్లెలో ఇచ్చిన నీళ్లు తాగితే రెడ్డిగారి అరుగు మీద చోటుండదు. అరుగు మీదే కూర్చుంటే మాలపల్లె వాళ్లు మనవాడు అనుకోరు. ఆ ఇబ్బంది ఒక్క కడపదే కాదు. 1850లో మద్రాసులో మిషనరీలు కూడి ఒక తీర్మానం చేశారు. చర్చిలో చేరేవాడు కులం వదిలినట్టు గుర్తు ఏమిటి? దళితుల చేతి వంట తినాలి. జర్మనీ నుంచి వచ్చిన లూథరన్ సంఘం మిషనరీలు దీనికి ఒప్పుకోలేదు. కులం అంత తొందరగా పోయేది కాదన్నది వాళ్ల వాదన. ఎంత బైబిలు చదివినా, ఆఖరికి తగువు వచ్చి ఆగింది విస్తరి దగ్గరే.

ఇంకో పక్క, తిండి మీద ఆంక్షలు పెట్టింది కూడా మిషనరీలే. మన పక్కనే ఒంగోలులో అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర, క్రైస్తవంలో చేరే మాదిగలకు మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చేయొద్దు, విగ్రహాలు మొక్కొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు. వినడానికి తేలికే. కానీ రైతు ఇంట్లో గొడ్డు చస్తే మోసుకుపోవాల్సింది మాదిగవాళ్లు. తోలు తీసి చెప్పులు, ఎద్దులతో నీళ్లు తోడే కపిల బావికి తోలు బాన కుట్టివ్వాల్సిందీ వాళ్లే. ఆ మాంసం వాళ్ల కష్టానికి దక్కే వాటా, ఎండాకాలంలో వాళ్ల ఆకలికి ఆధారం. అది మానేయమంటే బదులుగా ఏం తినాలి? ఈ ప్రశ్నకు ఆ నియమంలో జవాబు లేదు. అయినా కొన్ని వేలమంది మానేశారంటే, ఆ కూటి వెనక ఉన్న అవమానం ఎంత బరువైందో మనమే ఊహించుకోవాలి.

1876 నుంచి 78 దాకా వచ్చిన కరువులో ఏ బల్లా నిలవలేదు. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు బాగా దెబ్బతిన్నాయి. అనంతపురం అప్పటికింకా బళ్లారిలోనే ఉండేది, 1882లో వేరు జిల్లా అయింది. కరువు పనికి పోయే మగమనిషికి రోజుకు ఒక పౌండు ధాన్యం, పైన కాస్త చిల్లర చాలునన్నాడు కరువు చూడ్డానికి బ్రిటిష్ సర్కారు పంపిన రిచర్డ్ టెంపుల్. పౌండంటే మన లెక్కలో అరకిలో కూడా కాదు. ఆ కూలితో మనిషి బతకడని మద్రాసు ఆరోగ్య అధికారి కార్నిష్ గట్టిగా వాదించాడు. ఇంగ్లండు నుంచి వచ్చిన చందాలు పంచే కమిటీల్లో మిషనరీలు కూర్చున్నారు. అనాథ పిల్లల్ని కాంపౌండుల్లో పెట్టి గంజి పోశారు. గంజి కోసం మతం మారారని ఇప్పటికీ ఎగతాళి చేసేవాళ్లున్నారు. అలా అనేవాళ్ల తాతలు ఆ ఏడు ఎంతమందికి గంజి పోశారో కూడా చెప్తే బాగుంటుంది.

ఇక ఫాదర్ ఫెర్రర్. స్పెయిన్‌లోని బార్సిలోనాలో పుట్టినాయన, జెస్యూట్ అనే కేథలిక్ ఫాదర్ల సభలో మనిషి. 1952లో ఇండియాకు వచ్చి, మహారాష్ట్రలో పనిచేసి, 1968లో దేశం వదిలి పోవాల్సి వచ్చింది. 1969లో అనంతపురం వచ్చాడు. మరుసటి ఏడే జెస్యూట్ సభ వదిలి, పెళ్లి చేసుకున్నాడు. అంటే మనం ఫాదర్ అని పిలిచినాయన అప్పటికి ఫాదరే కాదు! ఆ పిలుపు మాత్రం 2009లో ఆయన పోయేదాకా మారలేదు. స్పెయిన్ వాళ్లు ఇప్పటికీ మన పల్లెలకు వచ్చేది ఆయన పెట్టిన సేవాసంస్థ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వల్లే. సంగటి నమిలినామె కూడా అట్లా వచ్చినామే.

ఇప్పుడు దారి రెండు వైపులా ఉంది. మన తెలుగు ఫాదర్లు యూరప్, అమెరికా చర్చిల్లో పనిచేస్తున్నారు. బద్వేలు వైపు నుంచి జర్మనీ పోయిన ఒకాయన నాకు ఫోనులో చెప్పాడు. అక్కడ రాత్రి పూట పొయ్యి వెలిగించరట. బ్రెడ్డు, చీజు, చల్లటి మాంసం ముక్కలు, అంతే. "వేడివేడిగా నాలుగు మెతుకులు పడకపోతే నిద్ర పట్టదు రా నాయనా, పప్పుల పొడి కలుపుకుని తిని పడుకుంటా" అన్నాడు. ఆదివారం చర్చి అయ్యాక ఆడవాళ్లు కేకులు చేసి తెస్తారు, వద్దంటే నొచ్చుకుంటారు. షుగరు పెరిగి ఇప్పుడు మాత్రలు వేసుకుంటున్నాడు.

వచ్చే వీడియో జమ్మలమడుగులో మిషనరీలు పెట్టిన క్యాంబెల్ ఆసుపత్రి మీద. అక్కడ పుట్టినవాళ్లు, అక్కడ నర్సులుగా చేసినవాళ్లు మీ ఇంట్లో ఉంటే నాకు చెప్పండి. కెమెరా తీసుకుని నేనే వస్తా.