ఎముకను చదవడం

అందరికీ నమస్కారం. ముందు ఒక చిన్న పని చేయండి. గొంతు కింద గుంట ఉంటుంది కదా, దాని పక్కనే వేలు పెట్టి నొక్కండి. తగిలే బొడిపె మీ కాలర్ బోన్ కొస. ఒంట్లో ఎముకల కొసలన్నిటికన్నా ఆలస్యంగా, దాదాపు 30 ఏళ్ళకు పూర్తిగా అతుక్కునేది అదే. తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరంలో మిగతావన్నీ అతుక్కుని ఇదొక్కటే విడిగా ఉందంటే, ఆ మనిషి నిండు యవ్వనంలో పోయినట్టే.

బతికున్నంతకాలం ఎముక అరుగుతూ, మళ్ళీ పూడుతూ ఉంటుంది. పంటి ఎనామిల్ అలా కాదు, చిన్నప్పుడు ఏర్పడిందే కడదాకా. పసితనంలో పెద్ద జబ్బు చేసినా, తిండిలేక మాడినా అది సరిగా పేరుకోదు. అడ్డంగా ఒక గాడి మిగులుతుంది, ఒక్కోసారి గోటికి తగిలేంత లోతుగా. ఎనామిల్‌లో స్ట్రాన్షియం అనే మూలకం ఉంటుంది, నేల నుంచి తిండి, నీళ్ళ ద్వారా చేరుతుంది. దాన్ని బట్టి, ఆ మనిషి పెరిగిన నేల, పాతిపెట్టిన నేల వేరైతే చాలాసార్లు పట్టుకోవచ్చు కూడా.

ఇరాక్‌లోని షానిదార్ గుహలో 1957లో ఒక నియాండర్తల్, అంటే ఎప్పుడో అంతరించిపోయిన ఒక రకం ఆదిమానవుల్లోని మగమనిషి, అస్థిపంజరంగా బయటపడ్డాడు. ఎడమ కంటి చుట్టూ ఎముక చితికి, మానింది. కుడిచెయ్యి చిక్కిపోయింది, ముంజేయి అసలే లేదు. చెవి రంధ్రాల్లో ఎముక పెరిగింది, సరిగా వినపడి ఉండదు. అయినా దెబ్బలన్నీ మానాయి, అంటే ఆ తర్వాత ఏళ్ళ తరబడి బతికాడు. ఒంటరిగా బతికాడంటే నేను నమ్మను. అతనికి ఎవరు తిండి పెట్టారో మాత్రం ఎముక చెప్పదు.

చెప్పినా మనం వినం లెండి. స్వీడన్‌లోని బిర్కాలో 1878లో తవ్విన సమాధిలో కత్తి, గొడ్డలి, బాణాలు, రెండు గుర్రాలు దొరికాయి. ఇంకేం, మగ యోధుడని రాసేశారు. ఎముకలు చూసినవాళ్ళు ఆడమనిషివన్నా పెద్దగా పట్టించుకోలేదు. 2017లో డీఎన్ఏ ఆ మాటే తేల్చింది. ఆమె యుద్ధం చేసిందా లేదా అన్న వాదన అప్పటికీ ఆగలేదు.

పుర్రెల కథ మరీ ఘోరం. 19వ శతాబ్దంలో అమెరికాలో శామ్యూల్ మోర్టన్ అనే వైద్యుడు పుర్రెల్లో గింజలు, తర్వాత సీసపు గుళ్ళు పోసి, లోపల ఎంత పడుతుందో కొలిచి, మనుషుల్ని జాతులవారీగా ఎక్కువ తక్కువల మెట్ల మీద నిలబెట్టాడు. 1972లో జన్యు శాస్త్రవేత్త రిచర్డ్ లెవంటిన్ రక్తంలోని ప్రొటీన్లను లెక్కగట్టి చూస్తే, మనుషుల మధ్య తేడాల్లో దాదాపు 85 శాతం ఒకే జనసమూహంలోని మనుషుల మధ్యే కనిపించాయి. పుర్రె కొలతలు తీసి చూసినా ఇంచుమించు అదే లెక్క.

అందుకే ఎవరైనా పుర్రె ముందు పెట్టి ‘ఇది ఏ జాతిది?’ అంటే, నేను ముందు పళ్ళ వైపు చూస్తాను. గాడి ఉందా? ఉంటే ఎన్నో ఏట పడింది?