‘హిట్ ఎ స్నాగ్’ ఎక్కడ వాడాలి? – ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. ఇవాళ్టి ఇంగ్లీషు నుడికారం ‘హిట్ ఎ స్నాగ్’. మాస్టారు సిద్ధంగా ఉన్నారు. హలో, చెప్పండమ్మా.

కాలర్: నమస్కారం మాస్టారూ. ఆఫీసులో మెయిల్ పంపాలండి. పని సగంలో ఆగింది... సగం అంటే, రిపోర్టు దాదాపు అయిపోయింది, ఒక్క ఫైలే తెరుచుకోవట్లేదు. పెద్ద ప్రాబ్లమ్ అని రాస్తే మా మేనేజర్ కంగారు పడతారు. ‘వియ్ హిట్ ఎ స్నాగ్’ అని రాయొచ్చా?

మాస్టారు: భేషుగ్గా రాయొచ్చమ్మా. అనుకోని అడ్డంకి వచ్చింది, కాస్త ఆలస్యమవుతుంది అని అర్థం. స్నాగ్ అంటే నది అడుగున పాతుకుపోయిన చెట్టు మొద్దు. 19వ శతాబ్దంలో అమెరికాలోని మిసిసిపీ నది మీద తిరిగే ఆవిరి పడవల అడుగును ఇవి చీల్చేసేవి. వాటిని పీకించడానికే ఆవిరి పడవల కెప్టెన్ హెన్రీ ష్రీవ్ 1829లో ‘హీలియోపొలిస్’ అనే పడవ కట్టించాడు. అప్పట్లో పడవే మునిగేది, ఇప్పుడు మాట మెత్తబడింది. చిన్నపాటి ఆటంకానికే వాడండి.

కాలర్: జరిగిపోయింది కదండీ, ‘హిట్టెడ్’ అనాలా?

మాస్టారు: వద్దమ్మా, వద్దు! భూతకాలంలోనూ హిట్టే. మధ్యలో ‘ఎ’ మాత్రం వదలొద్దు.

కాలర్: ఇంకొకటండీ. మా తమ్ముడికి యాక్సిడెంటయి ఆసుపత్రిలో ఉన్నాడు. సెలవు చీటీలో కూడా ఇదే రాయనా?

మాస్టారు: అయ్యో, ఎలా ఉన్నాడమ్మా?

కాలర్: కోలుకుంటున్నాడండి.

మాస్టారు: చల్లగా ఉండాలి. కానీ అక్కడ ఈ మాట రాయొద్దు. మనిషి కష్టాన్ని తేలిక చేసినట్టుంటుంది. యాక్సిడెంట్ అయిందని సూటిగా రాయండి. స్నాగ్ అనేది పనులకి, ప్లాన్లకి.

కాలర్: మరి ఆ మెయిల్‌లో వాడొచ్చంటారా?

మాస్టారు: చెప్పాను కదమ్మా, నిక్షేపంగా వాడండి. ఏది అడ్డొచ్చిందో, ఎప్పటికి సర్దుతారో ఆ పక్కనే రాయండి. లేకపోతే ఆయన టెన్షన్ తగ్గదు. ‘ఎ’ మర్చిపోకండి.

యాంకర్: థాంక్సమ్మా. తర్వాతి కాలర్?

కాలర్: సార్, ‘హిట్ ఎ బ్రిక్ వాల్’ అన్నా ఇదేనా?

మాస్టారు: కాదు బాబూ. అది ఎంత ప్రయత్నించినా అడుగు ముందుకు పడని పరిస్థితి. స్నాగ్ అయితే దాటే వీలుంటుంది.

కాలర్: ఇంకో డౌట్ సార్...

యాంకర్: సమయం లేదండీ, క్షమించాలి. చివరి కాల్.

కాలర్: ‘రన్ ఇన్‌టు ఎ స్నాగ్’ తప్పా మాస్టారూ?

మాస్టారు: తప్పేం కాదు, రెండూ ఒప్పే. అందులోనూ ‘ఎ’ ఉండాలి.

యాంకర్: ధన్యవాదాలు మాస్టారూ. నమస్కారం.