శ్రీకాకుళంలో ఉంటూ ఫ్రీలాన్సింగ్: రేటు ఎంత చెప్పాలి, డబ్బు ఎలా రాబట్టుకోవాలి

[షాట్: ఉదయం పూట ఏడు రోడ్ల జంక్షన్. అక్కణ్నుంచి ఇంట్లో టేబుల్ మీదికి: ల్యాప్‌టాప్, తెల్లకాగితం, పెన్ను.]

నమస్తే. టెక్కలి, పలాస, ఆమదాలవలస, నరసన్నపేట... ఎక్కడివాళ్లయినా డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్నవాళ్లు ఫ్రీలాన్సింగ్ అనగానే ముందు అడిగేది "ఏ కోర్సు చెయ్యాలి?" అని. కోర్సుల వీడియోలు యూట్యూబ్‌లో బోలెడున్నాయి. నేను ఇవాళ రేటు గురించి మాట్లాడతాను. పని బాగా వచ్చినవాళ్లు కూడా కొన్నాళ్లు చేసి, మానేసి, హైదరాబాద్ బస్సెక్కేస్తున్నారు. పని చేతకాక కాదు, చేసిన పనికి వచ్చే డబ్బు సరిపోక.

"ఊళ్లోనే ఉంటున్నాం, అద్దె లేదు, ఇంట్లోనే భోజనం, ఎంతొస్తే అంత" అని మొదలుపెడతారు. దెబ్బతినేది అక్కడే. మీ అమ్మానాన్న పెట్టే అన్నం, ఇచ్చిన గది మీకు సాయంగా ఉండాలి. మీరు రేటు తగ్గించుకుంటే ఆ సాయం పని ఇచ్చే క్లయింటుకి డిస్కౌంటుగా వెళ్లిపోతుంది. ఆయనెవరో మీ ఇంటివాళ్లకి తెలియను కూడా తెలియదు.

[షాట్: కాగితం మీద లెక్క రాస్తున్న చెయ్యి, దగ్గరగా.]

లెక్క కడదాం. నెలకి చేతికి 25,000 కావాలనుకోండి. ఖర్చులు వెయ్యండి: 45,000 పెట్టి కొన్న ల్యాప్‌టాప్ మూడేళ్లు వస్తుందనుకుంటే నెలకి 1,250. ఇంటర్నెట్, ఇన్వర్టర్, కరెంటు, ఏదో ఒక సాఫ్ట్‌వేర్ చందా కలిపి ఇంకో 1,750. మొత్తం 3,000. అంటే నెలకి 28,000 రావాలి.

ఇప్పుడు గంటలు. రోజుకి ఎనిమిది గంటలు, నెలకి ఇరవై ఐదు రోజులు, మొత్తం 200 గంటలు. వీటన్నిటికీ డబ్బు రాదు. పని వెతకడం, ప్రపోజల్ రాయడం, క్లయింటుతో ఫోన్లు, మెసేజ్‌లు, కొత్తది నేర్చుకోవడం, వీటికే సగం పోతాయి. డబ్బు వచ్చే గంటలు 100 అనుకోండి. 28,000ని 100తో భాగిస్తే గంటకి 280 రూపాయలు. ఇది మీ కనీస రేటు. దీన్ని క్లయింటుకి చెప్పక్కర్లేదు గానీ, మీ మనసులో గట్టిగా ఉండాలి.

ఫైవర్, అప్‌వర్క్ లాంటి, క్లయింట్లని కలిపే ప్లాట్‌ఫాం (వెబ్‌సైట్) మీద చేస్తే కమిషన్ ఉంటుంది. ఫైవర్ మనకొచ్చే దాంట్లో 20 శాతం తీసుకుంటుంది. చాలామంది 280కి 20 శాతం కలిపి 336 పెట్టేస్తారు. అందులో 20 శాతం పోతే చేతికొచ్చేది 269. కలపకూడదు, 280ని 0.8తో భాగించాలి. అప్పుడు 350 వస్తుంది. అప్‌వర్క్‌లో కమిషన్ కాంట్రాక్టుని బట్టి మారుతుంది, కాబట్టి ఒప్పుకునే ముందే ఆ అంకె చూసుకోండి. డాలర్లలో వస్తే వాటిని రూపాయల్లోకి మార్చేటప్పుడు ఇంకో కోత ఉంటుంది. అదీ రేటులోనే కలవాలి.

గంటకి ఇంత అని అందరూ ఇవ్వరు, పనికి ఇంత అంటారు. గంట నిడివి ఉన్న తెలుగు ఆడియో విని టైప్ చెయ్యాలనుకోండి. చెయ్యి తిరిగినవాళ్లకే నాలుగు గంటలు పడుతుంది. కొత్తవాళ్లకి, ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడే ఆడియో అయితే, ఆరు గంటలు. మన లెక్క ప్రకారం 1,680 రావాలి. పని ఇచ్చేవాళ్లు 300 ఇస్తామంటారు. గంటకి 50, రోజంతా కూర్చుంటే 400. అందులో రోజు ఖర్చు 120 (నెల ఖర్చు 3,000ని 25 రోజులకి పంచితే) తీసెయ్యండి, మిగిలేది 280. మన రాష్ట్రంలో 2025-26లో ఉపాధి హామీ కూలి రోజుకి 307 రూపాయలు. డిగ్రీ చదివి, సొంత ల్యాప్‌టాప్ పెట్టి, కళ్లు పోగొట్టుకుని చేసిన పనికి దక్కేది అంతకంటే తక్కువ. ఇలాంటి పని వదులుకుంటే నష్టపోయేదేమీ లేదు. ఆ సమయంలో ఒక మంచి శాంపిల్ తయారు చేసుకోండి.

శాంపిల్‌కి క్లయింటు ఉండక్కర్లేదు. పొందూరు ఖాదీ చీరకి ఆన్‌లైన్‌లో అమ్మేలా ఫొటోలు దిద్ది వివరాలు రాయండి. పలాస జీడిపప్పు వ్యాపారికి ఒక నిమిషం రీల్ ఎడిట్ చెయ్యండి. బీకాం వాళ్లయితే ఊహించుకున్న ఒక కిరాణా షాపు లెక్కలు టాలీలో (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) నెలరోజులకి రాసి చూపించండి. ఇలాంటివి మూడు చాలు. "నేను కష్టపడి పనిచేస్తాను" అని ప్రొఫైల్‌లో రాసేకంటే ఆ మూడే బాగా మాట్లాడతాయి.

[స్క్రీన్ మీద: వాట్సాప్ మెసేజ్.]

ఇక బేరం. ఎక్కువగా ఇలా వస్తుంది: "బాబూ, ముందు ఈ నాలుగు వీడియోలు చేసి చూపించు. నచ్చితే నెలనెలా పని నీకే." వినడానికి ఆశగా ఉంటుంది. కానీ నాలుగు వీడియోలంటే శాంపిల్ కాదు, పూర్తి పని. మర్యాదగా, తేల్చి చెప్పాలి:

"సరే సార్. ముప్పై సెకన్ల శాంపిల్ ఫ్రీగా చేసి పంపిస్తాను, చూడండి. నాలుగు వీడియోలకి 6,000 అవుతుంది. సగం ముందు, మిగతా సగం ఫైనల్ ఫైల్ ఇచ్చే ముందు. రెండుసార్లు మార్పులు ఇందులోనే. మూడోసారి నుంచి ఒక్కో మార్పుకి 200."

ఈ మార్పుల మాట మర్చిపోవద్దు. అది రాసుకోకపోతే గంటకి 280 అనుకున్నది కాస్తా "ఆ మ్యూజిక్ మార్చు, ఆ రంగు మార్చు" అనేసరికి వందకి దిగిపోతుంది. ఫోన్లో మాట్లాడుకున్నా సరే, తర్వాత అదే విషయం మెసేజ్‌లో పెట్టి ఆయన చేత "ఓకే" అనిపించుకోండి. మొదటి పని కదా అని తగ్గించాలనిపిస్తే తగ్గించండి, తప్పులేదు. కానీ బిల్లులో అసలు రేటు రాసి, కింద "మొదటి ఆర్డరుకి తగ్గింపు" అని విడిగా చూపించండి. రెండో పనికి పూర్తి రేటు అడగడం తేలికవుతుంది.

అప్‌వర్క్‌లో ఫిక్స్‌డ్ ప్రైస్ పనికి, అంటే మొత్తం పనికి ఇంత అని మాట్లాడుకున్నదానికి, క్లయింటు డబ్బు ముందే సైటు దగ్గర జమ చేస్తాడు. ఆ మైల్‌స్టోన్ (పనిలో ఒక్కో భాగం) 'ఫండెడ్', అంటే డబ్బు జమ అయింది అని కనిపించేదాకా పని మొదలుపెట్టకండి. పని అప్పగించాక 14 రోజుల్లో క్లయింటు ఏమీ అనకపోతే డబ్బు మనకి విడుదలవుతుంది. "టెలిగ్రామ్‌లోకి రా, అక్కడ మాట్లాడుకుందాం" అంటే ఈ రక్షణ అంతా పోయినట్టే.

పని ఇవ్వడానికి రిజిస్ట్రేషన్ అనో డిపాజిట్ అనో మన దగ్గరే డబ్బు అడిగితే అది మోసం. మన బ్యాంక్ అకౌంట్లో డబ్బు వేస్తాం, కమిషన్ తీసుకుని ఇంకొకరికి పంపమంటే ఇంకా పెద్ద మోసం, పోలీసు కేసు మన మీదికే వస్తుంది. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.

మన దేశంలోని కంపెనీయే పని చేయించుకుని డబ్బు ఎగ్గొడితే? దీనికి చట్టం ఉంది, మన పిల్లల్లో చాలామందికి తెలియదు. పని ఒప్పుకోకముందే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకి ప్రభుత్వం ఇచ్చే నమోదు) చేయించుకోండి. ప్రభుత్వ పోర్టల్‌లో ఆధార్, పాన్‌తో అయిపోతుంది, పైసా ఖర్చు లేదు. ఎవరైనా ఫీజు అడిగితే అది సర్కారు సైటు కాదు. రిజిస్టర్ అయితే మీరు సూక్ష్మ సంస్థ కిందికి వస్తారు. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం (చిన్న సంస్థల చట్టం) ప్రకారం, ఒప్పందంలో ఏం రాసుకున్నా సరే, పని చేయించుకున్నవాళ్లు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే 'బ్యాంక్ రేటు'కి మూడు రెట్లు చొప్పున చక్రవడ్డీ. ఇలాంటి బకాయిల గొడవలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు పెట్టొచ్చు. బిల్లు మీద ఉద్యమ్ నంబర్ ఉంటే అకౌంట్స్ వాళ్లు ఆ బిల్లుని పక్కన పడెయ్యరు. 45 రోజులు దాటేస్తే ఆ ఖర్చుని కంపెనీ ఆ ఏడాది పన్ను లెక్కలో చూపించుకోలేకపోవచ్చు. అదీ వాళ్ల భయం.

కంపెనీ టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసుకుని ఇస్తే టెన్షన్ పడకండి. అది మీ పాన్ మీద జమ అవుతుంది. మీకు పన్ను పడకపోతే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఇంకొకటి, ఇది మన జిల్లా వాళ్లకే. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పలాస, ఉద్దానం వైపు ఎన్ని రోజులు కరెంటు లేదో మీకు గుర్తుండే ఉంటుంది. అక్టోబర్, నవంబర్ పనులకి గడువు రెండు రోజులు ఎక్కువ అడగండి. ఫైళ్లు రోజూ క్లౌడ్‌లో పెట్టండి. వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే క్లయింటుకి మెసేజ్ పెట్టండి. ముందుగా చెబితే చాలామంది అర్థం చేసుకుంటారు. రెండు రోజులు ఫోన్ కలవక, తర్వాత చెబితే నమ్మరు.

[స్క్రీన్ మీద: చివరి మెసేజ్.]

నాలుగైదు పనులు బాగా అయ్యాక కొత్త క్లయింటుకి కొత్త రేటే చెప్పండి. పాతవాళ్లకి ఒక నెల ముందు ఇలా రాయండి: "సార్, వచ్చే నెల ఒకటో తారీకు నుంచి వీడియోకి 1,500 బదులు 1,800 తీసుకుంటున్నాను. ఇప్పటికే ఒప్పుకున్న రెండు వీడియోలు పాత రేటుకే చేసిస్తాను."