ఫుట్‌బాల్ మేనేజర్ ఎందుకింత సులువైపోయింది?

శ్రోతలకు నమస్కారం. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు బంతి తన్నే కుర్రాళ్లతో పాటు కంప్యూటర్‌లో జట్టు నడిపేవాళ్లూ ఉన్నారు. ఈ పూట మాట వాళ్లతోనే. ‘ఫుట్‌బాల్ మేనేజర్’ అనే కంప్యూటర్ ఆటలో ఆటగాళ్లను కొనడం, తర్ఫీదు ఇప్పించడం, ఎవరిని దింపాలో తేల్చడం మన పని. 1992లో ‘ఛాంపియన్‌షిప్ మేనేజర్’గా మొదలై, 2004లో ఈ పేరు పెట్టుకుంది. 2025 సంచిక రద్దయింది. అదే ఏడాది నవంబరులో ఆటలు తయారుచేసే యూనిటీ ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్‌తో కొత్తది వచ్చింది. అయినా పాతకాపుల ఫిర్యాదు మారలేదు: నాలుగు సీజన్లు తిరక్కుండానే కప్పులన్నీ మనవే, ఇంకేం చెయ్యాలి?

ఆ ఫిర్యాదు న్యాయమైనదే. కంప్యూటర్‌లో రక్షణ వరుసను ముందుకు జరిపి, బంతి పోగానే ఎదుటివాళ్ల మీద పడే ప్రెసింగ్ పెడితే చిన్న జట్టు కూడా పెద్దవాళ్లను కొట్టేస్తుంది. భువనేశ్వర్ కళింగ స్టేడియంలో ఏప్రిల్ ఉక్కపోతలో అలా ఆడితే అరవయ్యో నిమిషానికి కాళ్లు పట్టేస్తాయి. ఎండ, తేమ, గాలి కలిపి లెక్కగట్టే వెట్ బల్బ్ గ్లోబ్ ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటితే మధ్యలో నీళ్ల విరామం ఇవ్వాలని ఫిఫా చెప్పింది అందుకే. కంప్యూటర్‌లోనూ అలసట ఉంది, కానీ దానికి పడే శిక్ష చాలదు.

కంప్యూటర్ నడిపే ఎదుటి క్లబ్బులకు కొనుగోలు తెలివి తక్కువ. ఒకే స్థానానికి ముగ్గురు నలుగురిని పోగేస్తాయి, కుర్రాళ్లను బెంచీ మీదే ఉంచుతాయి, అక్కర్లేదనుకున్న మంచి ఆటగాణ్ని కారుచౌకగా వదిలేస్తాయి.

అన్నిటికంటే పెద్ద దెబ్బ అంకెలది. ప్రతి నైపుణ్యానికీ 1 నుంచి 20 దాకా విలువ ఉంటుంది. ఇవికాక 200కి లెక్కగట్టే ప్రస్తుత సామర్థ్యం, భవిష్యత్ సామర్థ్యం లోపల దాగుంటాయి. వాటినీ బయటికి లాగే సాధనాలు ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. పదహారేళ్ల కుర్రాడు ఎంతవాడవుతాడో ముందే తెలిసిపోతే ఇక ఆటగాళ్లను వెతికి అంచనా కట్టే స్కౌట్ ఎందుకు? మేనేజర్ ఉద్యోగంలో అసలు కష్టమే తెలియకపోవడం.

అందుకని కొత్త ఆట మొదలెట్టేటప్పుడే అంకెలు దాచే మాస్కింగ్ పనిచేస్తోందో లేదో చూసుకోండి. అది ఉంటే తెలియని ఆటగాడి ఫినిషింగ్, అంటే గోల్ కొట్టే నేర్పు, 9–14 అని కనిపిస్తుంది. స్కౌట్ చూసేకొద్దీ ఆ తేడా తగ్గుతుంది. మధ్యలో విలువలు మార్చే ఎడిటర్‌ను ఆ ఆటలో వాడకుండా మొదట్లోనే నిషేధించండి. మేనేజర్‌కు కోచింగ్ సర్టిఫికెట్లేమీ ఇవ్వకండి, గత అనుభవం అట్టడుగున పెట్టండి. అప్పుడు పేరున్న ఆటగాడు మీ మాట లెక్కచెయ్యడు, పెద్ద క్లబ్బు తలుపు తియ్యదు. ఆటను దాచుకునే సేవ్ ఫైల్ ఒక్కటే ఉంచుకోండి. ఓడినప్పుడల్లా పాతదాంట్లోకి వెళ్లి మళ్లీ ఆడితే ఈ ఏర్పాట్లన్నీ దండగే.

ఒక్క జాగ్రత్త. స్కౌట్‌ను ఉద్యోగంలోకి తీసుకునేముందు, ఆటగాడి సామర్థ్యాన్నీ భవిష్యత్తునూ అంచనా కట్టే అతని రెండు అంకెలూ చూడండి. అవి తక్కువైతే నివేదిక తప్పుతుంది. దాన్ని నమ్మి కొన్నవాణ్ని వేరే క్లబ్బు తీసుకోకపోతే ఒప్పందం తీరేదాకా జీతం ఇవ్వాల్సిందే, నిజం క్లబ్బులు ఇస్తున్నట్టే.